కోనసీమ పల్లెలో పాత మిషన్ చర్చి: ఎవరు కట్టారో ఎలా తేల్చాలి? చెమ్మ గోడలకు, కారే మిద్దెకు ఏం చేయాలి?

కౌశికగట్టు అడిగారు:

అమలాపురం దగ్గరి పల్లెలో ఒక పాత ఇటుకల చర్చి ఉంది. లోపలి కొలత 62 అడుగుల పొడవు, 28 అడుగుల వెడల్పు. గోడ మందం పూతతో కలిపి 20 అంగుళాలు. రెండు వైపులా ఐదేసి కిటికీలు, వాటి మీద మొన తేలిన ఆర్చీలు. హాలు మీద టేకు ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు చట్రాలు), బెంగుళూరు పెంకులు. ముందు చదును మిద్దెతో పోర్టికో, దాని పక్కన చిన్న గంట గోపురం. పోర్టికో గోడలో 1911 అని చెక్కిన రాయి ఉంది కానీ పేరేమీ లేదు. మెథడిస్టు దొరలు కట్టించారని ఊళ్ళో పెద్దల మాట. ఇప్పుడున్న సంఘం ఏ మిషన్‌కీ చెందినది కాదు.

సుమారు ఇరవై ఏళ్ళ కిందట లోపలా బయటా సిమెంటు ప్లాస్టింగ్ చేశారు. ఇప్పుడది నాలుగడుగుల ఎత్తు దాకా పెచ్చులూడుతోంది. లోపలి ఇటుకను వేలితో గీస్తే పొడి రాలుతోంది. పోర్టికో మిద్దె కారుతోంది. పడగొట్టి స్లాబు వేద్దామని సంఘంలో సగంమంది, ఉంచుదామని సగంమంది. కట్టింది ఎవరో తేలే దారి ఉందా? గోడలు నిలబడతాయా? తుఫానుకు పెంకుల కప్పు ఆగుతుందా? తెలిసినవారు చెప్పండి.

పాతదస్తరం జవాబు:

ముందు ఆ మెథడిస్టు మాట సంగతి. తప్పు మిషన్ కాగితాల్లో వెతకడం మొదలుపెడితే ఏళ్ళు గడిచిపోతాయి. తెలుగువారిలో వెస్లియన్ మెథడిస్టులు పనిచేసింది ప్రధానంగా నిజాం రాష్ట్రంలో. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ వాళ్ళదే. అమెరికా మెథడిస్టులదీ హైదరాబాదు, వికారాబాదు వైపే. గోదావరి డెల్టాలో నిలదొక్కుకున్నవి వేరు. 1836లో ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ బృందంతో వచ్చి నరసాపురంలో స్థిరపడ్డ బౌడెన్, బీర్‌ల గోదావరి డెల్టా మిషన్ ఒకటి, అంటే బ్రదరెన్ అనే ప్రొటెస్టంటు శాఖవాళ్ళది. రాజమండ్రి కేంద్రంగా లూథరన్లు: 1840లలో ఉత్తర జర్మనీవారు మొదలుపెట్టారు, తర్వాత అమెరికావారికి అప్పగించారు. 1874 నుంచి కాకినాడలో కెనడా బాప్తిస్టులు. రామచంద్రపురం, పిఠాపురం దాకా వాళ్ళే. సి.ఎమ్.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చివాళ్ళు, మచిలీపట్నం, ఏలూరు వైపు నుంచి వచ్చారు. అమలాపురం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల అంటే మొదట అనుమానించాల్సింది బ్రదరెన్‌నే.

కట్టడమూ కొంత చెబుతుంది. లూథరన్ గుడిలో హాలు చివర ఆల్తారుకు (బలిపీఠానికి) ఎత్తైన వేదిక, తరచూ దాని వెనక అర్ధచంద్రాకారపు గోడ, పక్కన ప్రసంగ పీఠం, చిన్న బాప్తిస్మపు తొట్టి ఉంటాయి. ఆంగ్లికన్ల పద్ధతీ ఇంచుమించు ఇదే, పైగా ఆల్తారు తూర్పు దిక్కున ఉండాలన్న పట్టింపు ఎక్కువ. బ్రదరెన్ మందిరం సాదా హాలు: ఆల్తారు ఉండదు, రొట్టె విరిచే బల్ల ఒక్కటే. బాప్తిస్టులకు, బ్రదరెన్‌కు పెద్దవాళ్ళను ముంచి ఇచ్చే బాప్తిస్మం కాబట్టి వేదిక పలకల కింద మనిషి దిగేంత తొట్టి ఉండవచ్చు. పంటకాలువ పక్కనే ఉన్న ఊళ్ళో అదీ అక్కర్లేదనుకోండి. మొన తేలిన ఆర్చీని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. ఆ కాలంలో అన్ని మిషన్లవాళ్ళూ అదే కట్టించారు.

ఇక 1911. ఆ రాయి పోర్టికోలో ఉందన్నారు. అది పోర్టికో తేదీ మాత్రమే కావచ్చు. పోర్టికో గోడ హాలు గోడను కలిసేచోట అడుగు వెడల్పున పూత తీయించండి. ఇటుకలు ఒకదానిలోకి ఒకటి పళ్ళు వేసుకుని ఉంటే రెండూ ఒకేసారి కట్టినవి. పైనుంచి కిందికి నిట్టనిలువు సందు ఉంటే పోర్టికో తర్వాత అతికించింది. రెండుచోట్లా ఇటుక పొడవు, మందం కొలిచి రాసుకోండి.

పెంకు ఒకటి దించి వెనక ముద్ర చదవండి. మన వైపు బెంగుళూరు పెంకు అంటాం కానీ దాని పుట్టిల్లు మంగుళూరు. బాసెల్ మిషన్ ఫ్యాక్టరీ 1865లో పెట్టారు. అంతకుముందు కట్టినదైతే మొదట గూనపెంకో తాటాకో ఉండి ఉండాలి. ఇనప దూలాలుంటే వాటి నడుమ పొడుచుకొచ్చిన అక్షరాలు చూడండి. జంషెడ్‌పూర్‌లో టాటావాళ్ళు ఉక్కు తీయడం 1912లో మొదలైంది కాబట్టి టాటా ముద్ర ఉన్న దూలం 1911 నాటిది కాదు. రైలు పట్టాలనే దూలాలుగా వాడి ఉంటే పట్టా మీద తయారైన సంవత్సరమే ఉంటుంది, కానీ పాత పట్టాలను దశాబ్దాల తర్వాత తుక్కు కింద అమ్మేవారు. అంటే కట్టడం ఆ సంవత్సరం తర్వాతది అని మాత్రమే రుజువు. గంట మీది సంవత్సరమూ అంతే, గంటలు చేతులు మారుతుంటాయి.

కాగితాలు: బ్రదరెన్ పత్రాలు మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో, కెనడా బాప్తిస్టులవి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌లో, సి.ఎమ్.ఎస్.వి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, వెస్లియన్లవి లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. మెయిల్ రాసేటప్పుడు ఊరి పేరు పాత ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు మూడు ఇవ్వండి. ఇక్కడైతే రీసర్వే నాటి సెటిల్మెంట్ రిజిస్టరులో (బ్రిటిషు కాలపు భూమి రికార్డులో) ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో చూడాలి. ఒక చిక్కు ఉంది. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు, 1925లో అవి పశ్చిమ గోదావరికి వచ్చాయి. అమలాపురం తాలూకా మాత్రం గోదావరి జిల్లాలోనే ఉండి 1925లో తూర్పు గోదావరి అయింది. నరసాపురం మిషన్ కట్టించిన అమలాపురం చర్చి అయితే మిషన్‌వాళ్ళ దస్తావేజులు ఒక జిల్లాలో, స్థలం రికార్డు ఇంకో జిల్లాలో ఉండే అవకాశం ఉంది.

గానుగసున్నం జవాబు:

గోడల సంగతి నేను చెబుతాను. నాలుగడుగుల ఎత్తున ఆగిన పెచ్చులు, పొడి రాలే ఇటుక: ఇది నేల నుంచి ఎక్కిన చెమ్మ, దాంతో వచ్చిన ఉప్పు. డెల్టాలో నీటిమట్టం పైపైనే ఉంటుంది, సముద్రం దగ్గరయ్యేకొద్దీ నీటిలో ఉప్పు ఎక్కువ. గుల్లసున్నంతో (నత్తగుల్లలు కాల్చి చేసిన సున్నంతో) కట్టిన గోడ ఆ తడిని తాగుతుంది, పూతలోంచి గాలికి వదిలేస్తుంది. వందేళ్ళు అలాగే బతికింది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. తడి బయటికి పోలేక ఇంకా పైకి పాకింది, ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని నెట్టేసింది. పైపూత గట్టిది, లోపలి ఇటుక మెత్తనిది. ఓడిపోయేది ఎప్పుడూ ఇటుకే. రాలిన చోట మళ్ళీ సిమెంటు కొడితే చెమ్మ నాలుగడుగుల నుంచి ఆరడుగులకు ఎక్కుతుంది.

అయితే పూత జోలికి వెళ్ళే ముందు చూడాల్సింది నేలమట్టం. నీటిగొట్టం పట్టి చర్చి లోపలి గచ్చుకు, బయటి వాకిలికి తేడా కొలవండి. పల్లెల్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, చర్చి ఆవరణలో కూడా మట్టి తోలి ఎత్తు చేస్తారు. చివరికి ఒకప్పటి అరుగు నేలలో కూరుకుపోయి వాననీరు గోడ మొదట్లో నిలుస్తుంది. బయటి నేల లోపలి గచ్చుకన్నా కనీసం ఆరంగుళాలు దిగువన ఉండాలి. గోడ చుట్టూ మూడడుగుల మేర మట్టి, కాంక్రీటు తీసేసి, గోడకు దూరంగా వాలు ఇచ్చి కాలువ పెట్టండి. ఆ కాలువకు ఊరి మురుగు బోదెలోకి దారి ఉండాలి. దారి లేకుండా కంకర నింపిన గోయి తవ్వితే గోడ పక్కనే చెరువు కట్టినట్టు అవుతుంది. ఒకేసారి మొత్తం తవ్వొద్దు, ఎనిమిదేసి అడుగుల ముక్కలుగా తవ్వాలి. పునాది అడుగు కనబడితే అక్కడితో ఆపేయాలి.

లోపల గచ్చు మీద మెరుపు టైల్స్ వేశారా? వేసి ఉంటే నేల తడి అంతా గోడలకే పోతుంది. టైల్స్ అన్నీ తీయలేకపోయినా గోడల వెంబడి అడుగు వెడల్పు తీసి సున్నపు గచ్చు వేస్తే తేడా తెలుస్తుంది.

తర్వాత పూత. చెమ్మ గీతకు రెండడుగులు పైదాకా సిమెంటు తీయాలి. సుత్తి, ఉలితో మెల్లగా తీయాలి. డ్రిల్లింగ్ మిషన్ పెడితే ఇటుక ముఖం దానితోనే వచ్చేస్తుంది. సందులు ముప్పావు అంగుళం లోతు గీకి, పొడి కుంచెతో ఉప్పు దులిపి, ఆ ఉప్పును బయట పారేయండి. నీళ్ళతో కడగొద్దు, ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. అలా ఒక ఎండాకాలం వదిలేయగలిగితే మంచిది.

గుల్లసున్నం తెల్లగా, నునుపుగా ఉంటుంది కానీ చెమ్మలో తనంతట తాను గట్టిపడడం చాలా నెమ్మది. అందుకే పాతవాళ్ళు ఇటుకపొడి కలిపేవారు. తడి గోడకు ఒక పాలు నానిన సున్నం, ఒక పాలు ఇటుకపొడి, రెండు పాళ్ళు ఇసుక. ఇటుకపొడి ఓ మోస్తరుగా కాలిన ఇటుకది కావాలి. నల్లబడేలా మాడిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఉత్త ఇసుకలా పడి ఉంటుంది. ఇసుక గోదావరిదే వాడండి, సముద్రపు గట్టు ఇసుక వద్దు. కొట్లో సంచుల్లో దొరికే వెల్ల సున్నం గాలి తగిలి సగం చచ్చి ఉంటుంది, పూతకు పనికిరాదు. కాల్చిన గుల్ల తాజాగా తెప్పించి తొట్టిలో నానబెట్టాలి. నీళ్ళలో గుల్ల వేయాలి తప్ప గుల్ల మీద నీళ్ళు పోయకూడదు, చిమ్మి కళ్ళు పోతాయి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీరు నిలిపి, కనీసం మూడు వారాలు ఉంచండి. మూడు నెలలైతే ఇంకా మంచిది.

లెక్క చెబుతాను. 62 అడుగుల గోడలు రెండు, నాలుగడుగుల ఎత్తు, లోపలా బయటా కలిపి సుమారు 1000 చదరపు అడుగులు. ముప్పావు అంగుళం మందం, సందులు నింపడం కలుపుకుంటే 80 ఘనపుటడుగుల మాలు (కలిపిన సున్నపు ముద్ద). కలిపితే ఇసుక సందులు నిండి మొత్తం తగ్గుతుంది కాబట్టి అందుకు 27 ఘనపుటడుగుల నానిన సున్నం, అంతే ఇటుకపొడి, 54 ఇసుక. కాల్చిన గుల్ల సుమారు 400 కిలోలు పడుతుంది. గీతకు పైన తీసే రెండడుగులకు ఇందులో సగం అదనం. రెండు పూతలుగా వేయాలి. మొదటిది గోరు దిగనంత గట్టిపడ్డాకే రెండోది. తడిపిన గోనెలు వారం పది రోజులు కట్టాలి. ఎండ, గాలి నేరుగా తగిలితే పైన పొర కట్టి లోపల పొడిగా మిగిలిపోతుంది, తడితే డబడబ మంటుంది. పైన వెల్ల మాత్రమే, పలుచగా మూడుసార్లు. ఎమల్షన్, ఎనామిల్, వాటర్‌ప్రూఫ్ రంగులు వేస్తే ఇంత పనీ వృథా.

ఈ మొదటి పూత కూడా ఉప్పు పీల్చుకుని నాలుగైదేళ్ళలో అక్కడక్కడా రాలవచ్చు. రాలాల్సింది అదే, ఇటుక కాదు. మళ్ళీ వేసుకోవడమే. గోడకు రంధ్రాలు చేసి మందు ఎక్కించే చెమ్మ నివారణ మీద నాకు నమ్మకం తక్కువ. ఇంత మందం గోడలో సందులన్నీ నింపడం కష్టం, మందు చేరని చోటునుంచి తడి ఎక్కుతూనే ఉంటుంది.

కౌశికగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. కొలిపించాం. ఉత్తరం వైపు వాకిలి లోపలి గచ్చుకన్నా నాలుగంగుళాలు ఎత్తుగా ఉంది! లోపల టైల్స్ లేవు, ఎర్ర సిమెంటు గచ్చు. పోర్టికోకూ హాలుకూ మధ్య నిట్టనిలువు సందు ఉంది. వేదిక పలకలు ఎత్తి చూస్తే కింద ఆరడుగుల తొట్టి, మూడు మెట్లు, లోపల సిమెంటు పూత. అంటే బాప్తిస్టులదేనా?

పాతదస్తరం:

అంతవరకు వెళ్ళకండి. మెథడిస్టులు కాదనడానికి తొట్టి బాగా పనికొస్తుంది, వాళ్ళు నీళ్ళు చల్లి ఇచ్చేవారు, పసిపిల్లలకూ ఇచ్చేవారు. కానీ బాప్తిస్టులో బ్రదరెనో అది చెప్పదు. పైగా సిమెంటు పూత అన్నారు. మనదేశంలో సిమెంటు పోర్‌బందర్‌లో 1914లో మొదలైంది, అంతకుముందు ఓడల మీద రావాలి. పూత కొంచెం గీకి లోపలి ఇటుకను హాలు ఇటుకతో పోల్చండి. కొలత వేరైతే తొట్టి తర్వాతిది, కట్టించినవాళ్ళ గురించి అది చెప్పేదేమీ ఉండదు. నిట్టనిలువు సందు దొరకడం మాత్రం పెద్ద సంగతే. హాలు 1911కు ముందుదని ఇక ధైర్యంగా చెప్పవచ్చు. రాయి తర్వాత తెచ్చి పెట్టింది కాకపోతే, అదొక్కటి చూసుకోండి: రాయి చుట్టూ సున్నం, గోడ సున్నం ఒకేలా ఉన్నాయా అని.

ఇంకో మాట. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, వెస్లియన్లు అందులో కలిశారు. బ్రదరెన్, బాప్తిస్టులు, లూథరన్లు కలవలేదు. కాబట్టి స్థలం కాగితాల కోసం సి.ఎస్.ఐ. ట్రస్టు చుట్టూ తిరగడం చివరి పనిగా పెట్టుకోండి.

స్లాబుమేలు:

ఇంత తిప్పలెందుకండీ, గోడలు ఉంచి పెంకులు తీసి స్లాబు వేస్తే యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు కదా.

టేకుదూలం జవాబు:

ఆ గోడల మీద స్లాబు వద్దు. బెంగుళూరు పెంకు, రీపర్లు (పెంకులు ఆనే సన్న చెక్కపట్టీలు), ట్రస్సులు అన్నీ కలిపి చదరపు మీటరుకు 60, 70 కిలోలు. ఐదంగుళాల స్లాబు ఒక్కటే 310 కిలోలు. 28 అడుగుల వెడల్పుకు దూలాలూ కావాలి, వాటి బరువు వేరే. అడుగున ఇటుక పొడిరాలే గోడ మీద, మెత్తని ఒండ్రు నేల మీద అది మోపితే పునాది ఒకవైపు దిగుతుంది. స్లాబుకూ ఉప్పుగాలి పడదు. కడ్డీ మీద కాంక్రీటు తగినంత లేకపోతే పదిహేనేళ్ళకే పెచ్చులు మొదలవుతాయి, ఆ ఊళ్ళోనే కొత్త ఇళ్ళ సన్‌షేడ్‌లు చూడండి.

పోర్టికో మిద్దె మాత్రం మద్రాసు మిద్దె అయి ఉంటుంది. కిందినుంచి చూస్తే అడుగున్నరకో టేకు దూలం, మధ్యలో పలుచని చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసలో కనబడతాయి. వాటి మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు మూడు, నాలుగు అంగుళాలు, ఆపైన పలుచని బిళ్ళలు. దీనికి రెండే జబ్బులు. ఒకటి, గోడలో దూరిన దూలం కొస చివకడం. గోడకు ఆనించి స్క్రూడ్రైవరుతో పొడవండి. పావంగుళానికి మించి దిగితే ఆ దూలానికి మద్దతు పెట్టి, చివికిన మేర కోసి, ఇరువైపులా ఇనప పట్టీలతో కొత్త టేకు అతకాలి. గోడలో కొస చుట్టూ అంగుళం ఖాళీ వదలాలి, సున్నంతో బిగించేస్తే మళ్ళీ చివుకుతుంది. రెండోది, కారినప్పుడల్లా పైన సిమెంటు పూత వేయడం. ఒక్కో అంగుళం పూతకు చదరపు మీటరుకు 50 కిలోలు పెరుగుతుంది, ఎండకు పగులుతుంది, పగుల్లోంచి దిగిన నీరు ఎండే దారి లేక దూలం మీదే ఉంటుంది.

పైన ఎన్ని పొరలున్నాయో ఒక మూల తవ్వి చూడండి. సిమెంటు, తారుషీటు అన్నీ తీసేసి, పాత కాంక్రీటు గట్టిగా ఉంటే ఉంచి, వదులైన చోట మాత్రం ఇటుక ముక్కలు, సున్నం, ఇటుకపొడితో నింపి చెక్క బద్దలతో కొట్టించాలి. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, బద్ద గచ్చు మీద ఎగిరిపడే దాకా, మూడునాలుగు రోజులైనా సరే. ఐదడుగులకు అంగుళం వాలు, నీళ్ళ గొట్టం నోరు నాలుగంగుళాలు. చాలాచోట్ల కారడానికి అసలు కారణం ఆ గొట్టంలో ఇరుక్కున్న ఆకులే. పిట్టగోడలో రావి మొలక ఉంటే లాగొద్దు, ఇటుకలు ఊడి వస్తాయి. కోసి, మోడుకు మందు పెట్టి, ఎండాక తీయండి.

తుఫాను గురించి అడిగారు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ మీదుగానే పోయింది. అలాంటి గాలి పెంకుల కప్పును కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. చూరు దగ్గర, నడికొప్పు దగ్గర, ముందూ వెనకా త్రికోణపు గోడల అంచుల్లో మొదట లేస్తుంది. ఆ అంచుల్లో మూడేసి వరసల పెంకులను వెనక ఉన్న చెవికి జి.ఐ. తీగ కట్టి రీపరుకు బిగించండి. కొప్పు పెంకులు సున్నంలో కూర్చోబెట్టాలి. ట్రస్సు కొసలను గోడ మీది చెక్కకు, ఆ చెక్కను ఇనప పట్టీలతో మూడడుగుల లోతున గోడకు కట్టాలి, అప్పుడు గోడ బరువే కప్పును పట్టి ఉంచుతుంది. గోపురం పక్కన పెంకు వరస గోడను కలిసేచోట సీసపు రేకో రాగి రేకో లేకుండా ఉత్త సిమెంటు పూసి ఉంటే అక్కడ కారుతూనే ఉంటుంది. పీవోపీ సీలింగ్ కొట్టించే ఆలోచన ఉంటే మానుకోండి, చెద వచ్చినా కారినా కనబడదు.

కౌశికగట్టు:

సంఘానికి చూపించడానికి ముందు కొంచెం చేసి చూడవచ్చా? ఎప్పుడు మొదలుపెట్టాలి?

గానుగసున్నం:

చూడవచ్చు, చూడాలి కూడా. ఉత్తరపు గోడలో రెండు కిటికీల మధ్య ముక్క ఒకటి ఎంచుకుని, ముందు అక్కడ బయటి మట్టి తీయించి, సున్నపు పూత వేయండి. పక్కనే అంతే కొలత సిమెంటు పూతను అలాగే వదలండి. ఒక వానాకాలం గడిస్తే రెండూ పక్కపక్కన కనబడతాయి. గోడ మీద కిటికీ మూలల నుంచి మెట్లు మెట్లుగా పగుళ్ళుంటే వాటి మీద గాజు ముక్కలు అతికించి తేదీ రాయండి. వేసవిలో విడిపోయి కార్తీకానికి మూసుకునే పగులు బంకమట్టి నేలది, దాన్ని సున్నంతో నింపితే చాలు. ఏడాది పొడుగునా పెరిగేది వేరే, దానికి ఇంజనీరును పిలవాలి, అదీ పాత ఇటుక కట్టడాల అనుభవం ఉన్నవారిని.

ఇది ఆగస్టు కదా. గుల్ల ఇప్పుడే తెప్పించి నానేయండి. తుఫానుల కాలం దాటాక డిసెంబరులో పూత మొదలుపెడితే మార్చి ఎండలు ముదిరేలోపు గోనెలు విప్పేయవచ్చు. గుల్లకు ఆర్డరు ఇచ్చేటప్పుడు బట్టీవాళ్ళకు ఒక్క మాట గట్టిగా చెప్పండి: కాల్చిన రెండు మూడు రోజుల్లోపే, తడి తగలకుండా, పరదా కప్పి పంపమని. దిగిన రోజే తొట్టిలో పడాలి.